కొయ్యచెయ్యి

గోదావరిఖని,
18 జూలై 2004, ఆదివారం.

చిరంజీవి ఎవాంజెలిన్‌కు, ప్రభువు నామంలో నీ బాపు దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ ఉత్తరాది దవాఖానలో నువ్వూ, నీతోటి నర్సు సిస్టర్లూ క్షేమమని తలుస్తాం. క్షేమం అన్న మాటకు మీ అమ్మ మోకాలు మాత్రం ఒప్పుకోవడం లేదు. నువ్వు పంపిన నూనె రాస్తే తగ్గిందని నీకు రాయమంది. తగ్గలేదు. తగ్గలేదంటే అంత దూరంలో నువ్వు బెంగపడతావని ఆమె భయం. ఈ ఉత్తరంలో అబద్ధం రాయకూడదని కూర్చున్నాను, అందుకే మోకాలి దగ్గరే మొదలుపెడుతున్నాను.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. తమ్ముడు రాజ్‌కుమార్ మంచిర్యాలలో కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు, కనీసం నేర్చుకుంటున్నానని మాకు చెప్తున్నాడు. మీ అమ్మ వాడి గది చూసి వస్తానని నిన్న పోయింది, మంగళవారం దాకా రాదు. ఆ గదిలో ఏం బయటపడుతుందోనని వాడికంటే నాకే ఎక్కువ ఫికరుగా ఉంది. నా దగ్గు అట్లాగే ఉంది. ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడికి దగ్గు లేకపోతేనే డాక్టర్లు అనుమానపడాలి. ఇంకా పద్నాలుగు నెలల సర్వీసుంది, ఈడ్చేస్తాను. మూడోది, శోభ వదిన ఎట్లా ఉంది, ఉత్తరాల్లో ఆమె మాటే ఎందుకు రాయరు అని అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి చెప్తాను.

నాలుగోది నువ్వు కింద గీత గీసి మరీ అడిగావు. నేను చేసిన ఊపిరి మిషను బొమ్మ గీసి ఎందుకు పంపను అని. మార్చిలో అడిగితే ఎండల గురించి రాశాను. మేలో అడిగితే చర్చి రేకుల గురించి రాశాను. ఇప్పుడేమో మీ దగ్గర వానలు మొదలయ్యాయనీ, మెదడువాపుతో తొమ్మిది మంది పిల్లలు వార్డులో ఉన్నారనీ, బుధవారం నువ్వొక్కదానివే ఐదు గంటలు గాలిసంచి ఒత్తావనీ, అన్నం ముందు కూర్చుంటే వేళ్ళు ముడుచుకోలేదనీ రాశావు. అది చదివాక ఇంక దేని గురించి రాసి తప్పించుకోను? బొమ్మ పంపుతున్నాను. కానీ దాంతోపాటు ఒక సంగతి కూడా పంపాలి. అది లేకుండా బొమ్మ ఒక్కటే పంపితే నీ వార్డులో పిల్లలు చచ్చిపోతారు. ఇంత కటువుగా రాసినందుకు ఏమీ అనుకోకు.

రాజ్‌కుమార్ నీకు పంపిన పేపరు ముక్కలో నేను శాలువా కప్పుకుని నవ్వుతున్నాను. అది చూసి నువ్వు మురిసిపోయావు, నీ వార్డు గోడకు కూడా అంటించానన్నావు. ఆ ఫొటో తీసేనాటికి చిన్నవ్వ పోయి పదకొండు రోజులు. ఈ ఉత్తరం చదివాక దాన్ని పీకెయ్యి.

చిన్నవ్వ నీకు తెలియనిదా. పక్క క్వార్టరు సదానందం మనవరాలు, శోభ కూతురు. సదానందం వాళ్ళమ్మ సమ్మవ్వ పేరు పెట్టుకున్నాడు కాబట్టి ఐదేళ్ళ పిల్లను పట్టుకుని "అవ్వా, తిన్నవా" అని అడిగేవాడు. అది కూడా ముసలమ్మలాగే ఆయన్ను గద్దించేది. నువ్వు సెలవుల్లో వస్తే నీ చంక దిగేది కాదు. నేను ఫస్ట్ షిఫ్టు దిగి వస్తుంటే మన రెండిళ్ళ గేటు దగ్గర అడ్డం నిలబడి క్యాంటీను బన్ను తెచ్చావా అని జేబులు తడిమేది. తేని రోజున నన్ను లోపలికి రానిచ్చేది కాదు. జ్వరంతో పోయిందని నీకు రాశాం. నువ్వు ఏడ్చి ఉత్తరం రాశావు. ఆ ఉత్తరం కూడా నా పెట్టెలోనే ఉంది, శోభకు ఇవ్వలేదు.

పోయినేడు వానల మొదట్లో ఇక్కడి పిల్లలకు ఆ జ్వరం పట్టుకున్నప్పుడు మాకెవరికీ దాని పేరు కూడా సరిగా తెలియదు. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి ఫిట్స్ వచ్చి తెలివి తప్పేది. పెద్ద దవాఖానల్లో మంచాలు నిండిపోయాయి, ఊపిరి మిషన్ల మీద ముందే పిల్లలున్నారు. దాంతో మన చర్చి వెనకున్న పది మంచాల మిషన్ దవాఖానకు కూడా తేవడం మొదలుపెట్టారు. డాక్టర్ సువార్తమ్మ పిల్ల గొంతులో గొట్టం వేసి, దానికి రబ్బరు గాలిసంచి తగిలించి, తల్లికో తండ్రికో అప్పజెప్పేది. నిమిషానికి ఇరవైసార్లు ఒత్తాలి. ఎవరు ఒత్తగలరు బిడ్డా అట్లా రాత్రీ పగలూ? నీకు చెప్పేదేముంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె నన్ను ఆపి, సంచిని ఒత్తే యంత్రం ఏదైనా చేయగలవా అని అడిగింది. నాలుగు రోజుల్లో చేస్తానన్నాను. మూడు రోజుల్లో చేశాను. అప్పుడు నాకు గర్వం లేకపోలేదు.

పాత లారీ అద్దం తుడిచే మోటారు ఒకటి, వేగం తగ్గించడానికి సైకిల్ పళ్ళచక్రాలు. గనిలో తలకు పెట్టుకునే దీపాల బ్యాటరీలు, పాతవై తీసేసినవి మూడు, ల్యాంపు రూములో అడిగి తెచ్చాను. కరెంటు పోయినా నడవాలి కదా. సంచి మీద వంగి ఒత్తడానికి ఇనుప రేకు పెడితే రబ్బరు చిరుగుతోంది. అప్పుడు సదానందం దగ్గరికి పోయాను. గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టి బతికినవాడు, కర్ర సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. టేకు ముక్కను అరచేయిలా వంపు తిప్పి, గరుకు లేకుండా నున్నగా చెక్కి ఇచ్చాడు. చిన్నవ్వ పక్కనే కూర్చుని చెక్కపొట్టుతో ఆడుకుంది. వార్డులో వాళ్ళు దాన్ని కొయ్యచెయ్యి అన్నారు, చివరికి మిషను మొత్తానికి అదే పేరైంది.

మొత్తం నలుగురు పిల్లలకు పెట్టాం. మొదటివాడు బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోసే బిక్షం కొడుకు. రెండు రోజులు కొయ్యచెయ్యి మీద ఉన్నాడు, మూడో రోజు తనంతట తానే ఊపిరి తీశాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. తర్వాత ముగ్గురూ పోయారు. ఆ ముగ్గురిలో ఇద్దర్ని జ్వరం తీసుకుపోయింది.

బిడ్డా, నువ్వు మోటార్ల మధ్య పెరగలేదు, కాబట్టి ఇది విడమరిచి రాస్తాను. గనిలో ఏ యంత్రానికైనా వేడెక్కితే ట్రిప్పు పడాలి. అంటే కరెంటు తెగి యంత్రం ఆగాలి. ఆగిన యంత్రం దానంతటది మళ్ళీ నడవకూడదు. మనిషి వచ్చి, చూసి, పైకి పొడుచుకొచ్చిన ఎర్ర బటన్ నొక్కితేనే నడవాలి. కింద గ్యాసు ఉంటుంది, ఒక్క నిప్పురవ్వకు షిఫ్టు మొత్తం పోతుంది. అక్కడ ఆగడమే క్షేమం. అనుమానం వస్తే ఆపు అని మా పని చూసే సర్దార్లు నేర్పారు, నేను మళ్ళీ కొత్తవాళ్ళకు నేర్పాను. ట్రిప్పు లేని మోటారును చూస్తే నాకు బట్టలు లేని మనిషిని చూసినట్టు ఉంటుంది.

అందుకే ఈ మోటారుకూ ఒక చిన్న ట్రిప్పు పెట్టాను. ఎవరూ అడగలేదు. ఊపిరి మిషను ఆగితే ఏమవుతుందన్న ఆలోచన నా బుర్రలోకే రాలేదు. మోటారు కాలిపోకుండా చూసుకున్నాను, అంతే. ఆగితే తెలియడానికి గంట పెట్టవా అని సువార్తమ్మ అడిగింది కూడా. చప్పుడు ఆగితే తెలియదా అమ్మా అన్నాను. గనిలో అంతే మరి. పంపు ఆగిందంటే ఆ నిశ్శబ్దానికే కునుకు తీసేవాడు కూడా లేచి కూర్చుంటాడు.

చిన్నవ్వకు జ్వరం వచ్చింది శుక్రవారం. శనివారం నుంచి శోభ చేత్తోనే సంచి ఒత్తింది, ఎందుకంటే కొయ్యచెయ్యి మీద ఇంకో పిల్ల ఉంది. పిల్ల తండ్రి ఉపేందర్ కాసేపు, సదానందం కాసేపు ఒత్తినా శోభ పక్కకు జరిగేది కాదు. ఆదివారం ఆ ఇంకో పిల్ల పోయింది. కొయ్యచెయ్యిని చిన్నవ్వకు పెట్టాం. తాత చెక్కిన చెయ్యి మనవరాలికి ఊపిరి పోస్తోందని వార్డులో అందరూ చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున మోటారు ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గాలికి చల్లారుతుందిలే అనుకుని డ్యూటీకి పోయాను.

సోమవారం మధ్యాహ్నం షిఫ్టు దిగి, స్నానం చేసి, నేరుగా వార్డుకు వచ్చాను. మూడు దాటింది. వాన రేకుల మీద కొడుతోంది, కరెంటు లేదు, కిటికీ కింద జనరేటరు మోగుతోంది. ఆ మోతలో ఏది ఆగిందో ఎవరికి వినిపిస్తుంది? సదానందం ఇంటికి సద్ది కోసం పోయాడు. సిస్టరు అవతలి గదిలో కొత్తగా వచ్చిన పిల్ల దగ్గర ఉంది. శోభ మంచం పట్టె మీద తల వాల్చి నిద్రపోతోంది. రెండున్నర రోజుల తర్వాత ఆమె నిద్రపోవడం అదే. ఆమె నిద్రపోవడానికే కదా నేను ఆ మిషను చేసింది.

కొయ్యచెయ్యి కదలడం లేదు. ఎర్ర బటన్ పైకి వచ్చి ఉంది.

నేనేం చేయాలో ఇప్పుడు నిద్రలో అడిగినా చెప్తాను. సంచి పీకి చేత్తో ఒత్తాలి, సిస్టర్‌ను కేక వేయాలి. నా చెయ్యి మాత్రం ముప్పై ఏళ్ళుగా పోయే చోటికే పోయింది. బటన్ నొక్కాను. మోటారు నడిచింది, ఛాతీ లేచింది, దిగింది. నేను మంచం పక్కనే నిలబడి పైకే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాకా లెక్కపెట్టాను, పెదాలకు ఎరుపు వస్తుందేమోనని. రాలేదు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. అప్పుడు పిలిచాను సిస్టర్‌ను. ఆమె వచ్చేసరికి మిషను చక్కగా నడుస్తోంది.

సువార్తమ్మ వచ్చి గుండె విని, చాలాసేపు విని, చెవుల్లోంచి గొట్టాలు తీసేసింది. నా వైపు చూసి మధ్యలో మోటారు ఏమైనా ఆగిందా అని అడిగింది. లేదమ్మా అన్నాను. అంత చిన్న మాట. మెదడువాపు అని కాగితం మీద రాసింది. సదానందం సద్ది గిన్నెతో వచ్చి, సంగతి తెలిసి, గిన్నె కింద పెట్టి, నాకు చేతులెత్తి మొక్కాడు. నా మనవరాలి కోసం చేయగలిగినంత చేసినవ్ అన్నా అన్నాడు. అప్పటినుంచి ఎక్కడ కనబడినా అట్లాగే మొక్కుతున్నాడు. పెరట్లో కాసిన సోరకాయ కూడా ముందు మన ఇంటికే వస్తుంది. మీ అమ్మ వండుతుంది, నేను తింటాను.

ఇంకొకటి కూడా ఉంది, అది మరీ పాపం. మర్నాడు మోటారు కాలిపోయిందని చెప్పి మిషను విప్పేశాను. కాలిపోలేదు. ఒక గంట తగిలిస్తే సరిపోయేది. కానీ ఇప్పుడు గంట ఎందుకు పెడుతున్నావని ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. జ్వరాలు ఇంకో మూడు వారాలు ఉన్నాయి. తల్లులు మళ్ళీ చేతులతోనే ఒత్తారు. అప్పుడు ఎంతమంది పిల్లలు పోయారో నేను అడగలేదు, దవాఖాన వైపే పోలేదు. యూనియన్ వాళ్ళు శాలువా కప్పుతామంటే మాత్రం పోయాను.

ఇక శోభ సంగతి. పిల్ల పానం పోతుంటే తల్లి నిద్రపోయిందని బస్తీలో అనని నోరు లేదు. ఉపేందర్ ఆటో నడుపుకుని వచ్చి, తిని, మాట్లాడకుండా పడుకుంటాడట. ఆమె పగలు నడుం వాల్చగా నేను ఏడాదిగా చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటుంది, రెప్ప పడబోతే ఉలిక్కిపడి లేస్తుంది. నేను నిజం చెబితే, మిషను ఆగినప్పుడే నువ్వు నిద్రపోయావు, మెలకువగా ఉంటే నీ చేత్తో ఒత్తేదానివి అని ఆమెకు చెప్పినట్టే కదా. అది వింటే బతుకుతుందా? ఆమె కోసమే చెప్పడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఏడాదంతా ఆ మాట బాగానే పనిచేసింది. నీ ఉత్తరం వచ్చాక పనిచేయడం మానేసింది.

బొమ్మలో మిగతావన్నీ గీశాను. కొయ్యచెయ్యి వంపు మాత్రం గుర్తు లేదు. అంత్యక్రియల తర్వాత దాన్ని తనకియ్యమని అడిగి సదానందం ఇంటికి తీసుకుపోయాడు. కొలతకు రేపు పొద్దున పోతాను. ఈ వారం నాకు సెకండ్ షిఫ్టు.

మంగళవారం పొద్దున.

నిన్న పోయాను. కొలత తీసుకుని వద్దామనే పోయాను, అబద్ధం ఎందుకు. సదానందం గడప దగ్గర మంచం కోళ్ళు చెక్కుతున్నాడు. నన్ను చూడగానే ఉలి పక్కన పెట్టి మొక్కాడు. వంపు కొలత నీ కోసమని చెబితే, నువ్వు దవాఖానలో పిల్లలకు మిషను పెడుతున్నావంటే అది తన మనవరాలి పుణ్యమే అన్నాడు. శోభ లోపలికి పోయి కొయ్యచెయ్యి తెచ్చింది. చిన్నవ్వ పూల గౌనులో చుట్టి ఉంది. విప్పి నా చేతిలో పెట్టింది. నేను టేపు తీశాను గానీ అంకెలు కనబడలేదు.

మోటారు ఆగింది సదానందం అన్నాను. మొత్తం చెప్పాను, నీకు రాసిన వరుసలోనే, బటన్, ఇరవై లెక్క, లేదమ్మా అన్న మాట, ఏదీ వదలకుండా చెప్పాను. శోభ వైపు చూడలేదు. నేల వైపు చూసి చెప్పాను. ఆయన ఒళ్ళో పడ్డ చెక్కపొట్టు దులుపుకున్నాడు. తర్వాత ఒక్క మాట అన్నాడు.

"ఏడాది సంది నీకు చేతులెత్తి మొక్కిన గద అన్నా."

తిట్టినా బాగుండేది. అప్పుడు పొయ్యి దగ్గరినుంచి శోభ అంది.

"నాకెర్కే మామా."

సదానందం కూడా తల తిప్పి చూశాడు. ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు.

"శెవి కాడ టిక్కుమని సప్పుడైతె కండ్లు తెరిసిన. నీ ఏలు ఎర్రదాని మీదున్నది. మిషిని ఆగిందని అప్పుడే సమజైంది. మల్ల కండ్లు మూసుకున్న. నువ్వు లెక్కవెట్టుడు ఇన్న, ఇరవై దాక. లేస్తె, నేను పన్నంకనే ఆగిందని అందరికి తెలుస్తదని లేవలే. నేనన్న లేసి ఒత్తితె బతుకునో ఏమో."

బిడ్డా, ఏడాదిగా నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె చూసింది. ఒకే గోడకు ఇటు నేను, అటు ఆమె, ఒకే సంగతిని దాచుకుని ఒకరికొకరం ఎదురుపడకుండా తిరిగాం. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. నన్నెవరూ ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పని కూడా వాళ్ళకు లేదు.

కాసేపటికి సదానందం చెయ్యి చాపి కాగితం ఇయ్యి అన్నాడు. వంపు టేపుకు దొరకదని, కొయ్యచెయ్యిని కాగితం మీద ఆనించి, చెవి మీది పెన్సిలు తీసి చుట్టూ గీశాడు. రెండో కాగితం మీద గీత ఒక చోట వంకర పోయింది, అది సరిచేసి చెక్కించు. కాగితం నాకిచ్చి ఉలి తీసుకుని తన పనిలో పడ్డాడు. ఇవాళ పొద్దున నల్లా దగ్గర ఎదురుపడ్డాడు. మొక్కలేదు, పలకరించలేదు. నాకు రావలసిందే వచ్చింది.

ఈ ఉత్తరం పోస్టు చేసి సువార్తమ్మ దగ్గరికి పోతాను, చిన్నవ్వ చావుకు ఆమె రాసిన కారణం తప్పని చెప్తాను. సాయంత్రం మీ అమ్మ వచ్చాక ఆమెకూ చెప్తాను. నీ పాత ఉత్తరాన్ని కూడా శోభకు ఇస్తాను, తీసుకుంటుందో లేదో తెలియదు.

ఇప్పుడు బొమ్మ సంగతి జాగ్రత్తగా చదువు. మొదటి కాగితం మీద ట్రిప్పు ఉన్న చోట అడ్డంగా కొట్టేశాను. అది పెట్టొద్దు. మీ దగ్గర ఏ మెకానిక్కు చేసినా పెట్టబోతాడు, నువ్వు పక్కనే నిలబడి వద్దను. మోటారు కాలిపోతే కాలిపోనీ, రెండోది పక్కన సిద్ధంగా ఉండాలి. కొయ్యచెయ్యి ఐదు సెకండ్లు కదలకపోతే గంట మోగాలి, దాని బ్యాటరీ వేరేగా ఉండాలి, మనిషి వచ్చి ఆపేదాకా అది ఆగకూడదు. గంట మోగితే ఎవరూ ఏ బటన్ జోలికీ పోవద్దు. ముందు సంచి చేతిలోకి తీసుకుని ఒత్తాలి, మిషను సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇది పెద్ద అక్షరాలతో హిందీలో రాయించి మంచం దగ్గర అంటించు, నా ఫొటో పీకేసిన చోట.

గంట గురించి నేను చెప్పినదానికంటే శోభ బాగా చెప్పింది. నేను లేచి వస్తుంటే గేటు దాకా వెనక వచ్చి, చిన్నవ్వ నా జేబులు తడిమిన చోట నిలబడి చెప్పింది. ఆమె మాట ఆమె మాటగానే రాస్తున్నాను.

"ఎవాంజెలిన్‌కు రాయి మామా. కావలి కూసున్నోళ్ళకు నిద్రొస్తది. తల్లికైనా వస్తది. లేపెటట్టు గంట పెట్టుమను. పెద్దది పెట్టుమను."

ఇట్లు,
నీ బాపు
సామ్యేల్